తీగ కోస్తే తీరిపోతుందా?

"ఇంట్లో నెట్ ఉందిగా, ఇంకా కేబుల్‌కు డబ్బులెందుకు దండగ? కోసేయండి!" ఈ మధ్య నలుగురు కూడిన ప్రతిచోటా ఈ సలహా ఉచితంగా దొరుకుతోంది. టీవీల దుకాణంలో సేల్స్ కుర్రాడిదీ ఇదే మాట, సెలవులకు అమెరికా నుంచి వచ్చిన అల్లుడిదీ ఇదే మాట. పదో తరగతి మనవడు సైతం తాతను కూర్చోబెట్టి ఇదే పాఠం చెబుతున్నాడు. ఇంతమంది ఒక్క గొంతుతో అంటున్నారు కదా, నిజమే అయివుంటుందని జనం తలూపుతున్నారు. తలూపేవాళ్లు ఎక్కువైనంత మాత్రాన లెక్క సరిపోతుందా?

వీరి వాదంలో మూడు మాటలున్నాయి. నెట్ తగిలిస్తే ఖర్చు తగ్గుతుందనేది ఒకటి. కోరుకున్నది కోరుకున్నప్పుడు చూసే స్వేచ్ఛ వస్తుందనేది రెండోది. ప్రసారం అనే పాత పద్ధతికి కాలం చెల్లింది, దాని పని మొత్తం నెట్టే చేసేస్తుంది అనేది మూడోది. మూడూ తప్పే. టీవీకి నెట్ కలపొద్దని నేను అనడం లేదు, హాయిగా కలుపుకోండి. కలుపుకున్నాం కాబట్టి ఉన్నదాన్ని పీకెయ్యాలనే తీర్మానంతోనే నాకు పేచీ. తీర్పు చెప్పవలసింది మీరే కనుక ఒక్కొక్కటే విచారించండి.

ముందు మూడో మాట. మిగతా రెండూ దాని మీదే నిలబడ్డాయి. ప్రసారమూ నెట్టూ ఒకే పని చేసే పాత, కొత్త యంత్రాలని వీరి ఊహ. అసలు సంగతి వేరు. గుడి మైకులో సుప్రభాతం వేస్తే పది ఇళ్లు విన్నా పదివేల ఇళ్లు విన్నా పూజారికి పడే శ్రమ ఒక్కటే. అదే సుప్రభాతాన్ని ఇంటింటికీ విడిగా ఫోన్ చేసి వినిపించాలంటే? ఉపగ్రహం నుంచి గొడుగు యాంటెనాకు, ఆపరేటర్ కేంద్రమైన హెడ్ ఎండ్ నుంచి కేబుల్‌కు వచ్చే టీవీ మొదటి రకం. యాప్‌లో చూసే టీవీ రెండో రకం. చూసేవాడు ఒకడు పెరిగితే అక్కడ ఇంకో ధార తెరవాలి. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరుగుతుంటే హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారని ఘనంగా చెప్పుకున్నారు. ఘనమే, కాదనను. కానీ ఆ మాటకు అర్థం 5.9 కోట్ల విడివిడి ధారలని. దేశం నిండా నిల్వ కేంద్రాలు పెట్టి, సర్వర్ల మీద సర్వర్లు పేర్చి సాధించిన ఆ పనిని ఆకాశంలో ఒక ఉపగ్రహం ఎప్పుడో, ఒక్క ధారతో, ఎంతమంది చూస్తున్నారన్న బెంగే లేకుండా చేసేసింది. పాతదెందుకు చచ్చినట్టు? అది చేతకానిదనా?

పైగా యాప్ ధార వచ్చేది నింపాదిగా. యాప్ వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. మన టీవీ నాలుగు ముక్కలు ముందే నిల్వ చేసుకున్నాకే చూపించడం మొదలుపెడుతుంది. దానివల్ల ప్రత్యక్ష ప్రసారం అనిపించుకునేది అరనిమిషం దాకా వెనకబడవచ్చు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి నేను చెప్పేదేముంది? కింది ఫ్లోర్‌లో కేబుల్, పై ఫ్లోర్‌లో స్మార్ట్ టీవీ. పైన బౌలర్ ఇంకా రనప్ దగ్గర బంతిని తుడుచుకుంటుంటాడు, కింద నుంచి "సిక్సర్!" అని అరుపు వినిపిస్తుంది. మూడో ఓవర్‌కల్లా పై ఫ్లోర్ వాళ్లకు ఆట చూడక్కర్లేదు, కింది వాళ్ల గొంతు వింటే చాలు. ఇదీ పాతదాన్ని తొలగించి వచ్చిన కొత్తది.

నా మాట నమ్మక్కర్లేదు, మన ప్రభుత్వం చేసిన పనే చూడండి. 2017 డిసెంబర్‌లో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు ఫోనూ, నెట్టూ, 250 టీవీ ఛానళ్లూ ఇస్తామన్నారు. టీవీని, నెట్‌ను ఒకే తీగలో కలపడానికి మన నేల మీద జరిగిన పెద్ద ప్రయత్నం ఇది. అందులో నెట్ ఎంత? 15 ఎంబీపీఎస్ వేగంతో 5 జీబీ. ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ కావాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. ఆ లెక్కన గంటకు రెండుంబావు జీబీ ఖర్చు. అంటే నెలకిచ్చిన 5 జీబీ ఒక్క తెలుగు సినిమా క్లైమాక్స్‌కు రాకముందే అయిపోతుంది! మరి ఆ కనెక్షన్‌తో నెలంతా టీవీ ఎలా చూశారు? ఛానళ్లకు ఆ ఫైబర్‌లోనే వేరే దారి ఇచ్చారు కనుక, అవి డేటా లెక్కలోకి రావు కనుక. తీగ ఒకటే అయినా టీవీని టీవీలాగే మోశారు, నెట్‌ను నెట్‌లాగే మోశారు. వ్యవస్థను కట్టిన ఇంజినీర్లకు తెలిసిన ఈ తేడా వ్యవస్థను వాడుకునే మేధావులకు తెలియకపోతే తప్పెవరిది?

ఇక ఖర్చు. "కేబుల్ మానేస్తే నెలకు మూడొందలు మిగులుతాయి" అంటారు. మిగిలిన ఆ మూడొందలూ ఎక్కడికి పోతున్నాయో మాత్రం చెప్పరు. 2019లో ప్రసార నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చినప్పుడు వంద ఛానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. దాని మీద పే ఛానళ్ల ధర. ఏ ఊళ్లో చూసినా ఇది వందల్లోనే ఉంటుంది. ఇప్పుడు అటువైపు రండి. 2020లో జియో ఫైబర్ ప్రకటించిన 399 రూపాయల ప్లాన్ పన్నుతో కలిపి 471 అవుతుంది. అందులో ఓటీటీలు రావు. 2021 చివర్లో ప్రకటించిన ధరల ప్రకారం నెట్‌ఫ్లిక్స్ బేసిక్ 199. ప్రైమ్ ఏడాదికి 1,499, నెలకు పంచుకుంటే 125. మొత్తం 795. ఇంకా క్రికెట్ రాలేదు, తెలుగు సీరియల్ ఒక్కటీ రాలేదు! ఆదా అంటే ఇదేనా?

"149 రూపాయల నెట్‌ఫ్లిక్స్ ఉందిగా!" అని ఎవరో అంటారు. ఉంది. అది ఫోన్‌లో, ట్యాబ్‌లో చూడటానికి. టీవీ తెర మీదకు ఎక్కదు. టీవీ గురించి మాట్లాడుతూ టీవీలో రాని ప్లాన్ ధర చెప్పేవాడితో ఏం వాదిస్తాం?

సీరియళ్ల సంగతి విడిగా చెప్పాలి. తెలుగింట సాయంత్రం ఆరు నుంచి పది వరకు టీవీ ఎవరిదో అందరికీ తెలుసు. కేబుల్‌లో ఈటీవీ, మా, జీ తెలుగు, జెమిని ఒకే పెట్టెలో, ఒకే రిమోట్ కింద వరుసగా ఉంటాయి. తీగ కోశాక? ఈటీవీ కోసం ఈటీవీ విన్, మా కోసం జియో హాట్‌స్టార్, జీ కోసం జీ5, జెమిని కోసం సన్ నెక్స్ట్. నాలుగు ఛానళ్లకు నాలుగు యాప్‌లు, నాలుగు లాగిన్లు, నాలుగు బిల్లులు, నాలుగు పాస్‌వర్డ్‌లు. యూట్యూబ్‌లో లైవ్ ఉచితంగా వస్తుంది అనేవారు గమనించాలి, అలా వచ్చేవి ప్రధానంగా వార్తా ఛానళ్లు. అత్తాకోడళ్ల కథను అంత తేలిగ్గా ఉచితంగా ఇవ్వరు, దాని వల్లే కదా వాళ్ల వ్యాపారం నడిచేది.

"ఇల్లంతా నెట్ ఎలాగూ వాడుతున్నాం, పిల్లల చదువులకు, ఆఫీసు పనికి తప్పదు కదా, ఆ ఖర్చును టీవీ పద్దులో ఎందుకు వేస్తారు?" అని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. సరే, నెట్ బిల్లు తీసేయండి. యాప్‌ల బిల్లు అయినా స్థిరంగా ఉందా? 2023, 2024ల్లో ఐపీఎల్‌ను జియో సినిమా ఉచితంగా చూపించింది. "చూశారా, కేబుల్ వాడి నోట్లో మట్టి!" అని సంబరపడ్డారు. 2025 ఫిబ్రవరిలో జియో సినిమా, హాట్‌స్టార్ కలిసిపోయాయి. ఆ సీజన్‌లో కొద్ది నిమిషాలు రుచి చూపించి, ఆ తర్వాత డబ్బు కట్టమన్నారు. ప్రకటనలు లేవని మురిసిపోయి ప్రైమ్ తీసుకున్నవారికి 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699 కట్టాలన్నారు. కేబుల్ ధర మీద అజమాయిషీకి ట్రాయ్ అనే సంస్థ ఒకటుంది, దాని తీరు బాగాలేదని తిట్టుకోవడానికైనా ఉంది. యాప్ ధర పెంచితే ఎవరి దగ్గరికి పోతారు?

ఉచితమే కావాలనుకునేవారికి అసలైన ఉచితం ఒకటి కళ్ల ముందే ఉంది. దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో మొదలైంది. గొడుగుకూ బాక్సుకూ ఒకసారి పెట్టిన ఖర్చే తప్ప నెలవారీ రుసుము లేదు. తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ అందులో వస్తాయి. దీని ఊసు ఎవరూ ఎత్తరేం? అమ్మేవాడికి అందులో కమీషన్ లేదు. కొనేవాడికి నలుగురిలో చెప్పుకోవడానికి గొప్ప లేదు.

ఇక స్వేచ్ఛ అనే మాట. స్మార్ట్ టీవీ రిమోట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడండి. మైకు బొమ్మ ఉంటుంది. రంగురంగుల కంపెనీ బటన్లు మూడో నాలుగో ఉంటాయి. చాలావాటిలో అంకెలు మాత్రం ఉండవు. డెబ్భై ఏళ్ల పెద్దావిడకు తన ఛానల్ నంబర్ నోటికి వచ్చు, మూడు అంకెలు నొక్కితే సీరియల్ వచ్చేది. ఇప్పుడు టీవీ వెయ్యగానే ముందు ఒక కొత్త సినిమా పోస్టర్ తెర నిండా పరుచుకుంటుంది. దాన్ని దాటితే ఎవరి ప్రొఫైల్ అని అడుగుతుంది. యాప్ తెరిస్తే అప్‌డేట్ చేయమంటుంది. అప్‌డేట్ చేశాక ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌కు పోతుంది, కొడుకేమో మీటింగ్‌లో ఉంటాడు. ఎవరికండీ వచ్చింది ఈ స్వేచ్ఛ?

ఆ బటన్లు ఎవరు ఎంచారు? మనం కాదు. మొదటి తెర మీద ఏది ముందుండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మనం కాదు. ఇదేదో అనుమానంతో అంటున్న మాట అనుకునేరు. మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ టీవీల మీద విచారణ జరిపిన కేసు ఉంది. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ చెప్పిన యాప్‌ల మూట మొత్తం పెట్టాల్సిందేనని టీవీ తయారీదారులకు షరతు పెట్టారన్నది అందులో ప్రధాన ఆరోపణ. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు కట్టి, ప్లే స్టోర్‌ను విడిగా ఇవ్వడానికి ఒప్పుకుని రాజీ కుదుర్చుకుంది. టీవీ కంపెనీకే లేని స్వేచ్ఛ, ఆ టీవీ కొన్న మనకు ఉందట!

ఇంకో ముచ్చట వినండి. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల ద్వారా జనం ఏం చూస్తున్నారో సెకను సెకనుకూ పసిగట్టి, ఆ వివరాలు అమ్ముకుంది. యాప్‌లలో చూసింది ఒక్కటే కాదు, కేబుల్‌లో చూసినా, డీవీడీ వేసినా, యాంటెనాతో చూసినా తెర మీది బొమ్మను బట్టే పట్టేసింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే 2017 ఫిబ్రవరిలో 22 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. కేబుల్ ఆపరేటర్ మీ ఇంటికి నెలకోసారి వచ్చేవాడు, అదీ గుమ్మం దాకా. స్మార్ట్ టీవీకి గుమ్మంతో పని లేదు.

వస్తువు మన్నిక సంగతీ చూడాలి. టీవీ తెర పదేళ్లు పనిచేస్తుంది. దానిలోని తెలివి అంతకాలం ఉండదు. 2012కు ముందు వచ్చిన అనేక స్మార్ట్ టీవీల్లో 2015లోనే యూట్యూబ్ యాప్ ఆగిపోయింది. 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ మోడళ్లలో 2019 డిసెంబర్ నుంచి నెట్‌ఫ్లిక్స్ రావడం మానేసింది. తెర బాగానే ఉంది, స్పీకర్లు బాగానే ఉన్నాయి, తెలివికి మాత్రం కాలం చెల్లింది. అదే టీవీకి వెనక తగిలించిన కేబుల్ బాక్సు మాత్రం ఏ అప్‌డేట్ అడగకుండా బొమ్మ చూపిస్తూనే ఉంది. కాలం చెల్లింది దేనికి?

టీవీని నెట్‌తో నింపేస్తే అదే ఇంటి కంప్యూటర్ అయిపోతుందన్న జోస్యానికి చరిత్ర కూడా ఉంది. 1996లో వెబ్‌టీవీ వచ్చింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని 42.5 కోట్ల డాలర్లు పోసి కొన్నది. 2013లో మూసేసింది. 2010లో కీబోర్డుతో సహా గూగుల్ టీవీ వచ్చింది. దానికి పెట్టె చేసిన లాజిటెక్ చేతులు కాల్చుకుని ఏడాదికే తప్పుకుంది. 2013లో గూగులే 35 డాలర్ల క్రోమ్‌కాస్ట్ తెచ్చింది. ఫోన్‌లో ఎంచుకున్నది టీవీలో చూడటం, దాని పని అంతే. అది చాలాకాలం నిలిచింది. కోట్లు పోసిన కంపెనీలు దెబ్బ తిని నేర్చుకున్నది ఒక్కటే: సోఫాలో వెనక్కి వాలినవాడికి కావలసింది బొమ్మ, పని కాదు.

తుపాను దేశంలో బతికేవాళ్లం, ఆ లెక్క కూడా వేసుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు స్తంభాలతోపాటు వాటి మీది తీగలన్నీ నేలకొరిగాయి. 2022 మేలో అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పోయిన ఉద్యోగులను చూశాం. సెల్ హాట్‌స్పాట్ మీద టీవీ నడుపుకుంటున్న ఇంట్లో ఆ రోజుల్లో ఏం కనిపించింది? నల్లటి తెర. మేడ మీద డిష్ ఉన్న ఇంట్లో వార్తలు వచ్చాయి. వార్తలు అత్యవసరమైన రోజునే నోరు మూసుకునే సాధనాన్ని ఇంటికి ఏకైక దిక్కు చేసుకోమని చెప్పడం ఏపాటి వివేకం?

అల్లుడిగారి వాదనకూ జవాబు చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడికి నెట్ టీవీ నిజంగా వరమే. వీధి చివర తెలుగు ఛానళ్లు ఇచ్చే ఆపరేటర్ అక్కడ లేడు. అందుకే 2006లో యప్‌టీవీ లాంటివి పుట్టాయి. అక్కడి కేబుల్ బిల్లు కూడా మన బిల్లుకు ఎన్నో రెట్లు. ఆ ఊళ్లో కోయడం సరైన పనే కావచ్చు. కానీ అక్కడి రోగానికి రాసిన మందుచీటీ పట్టుకొచ్చి తెనాలిలో అత్తగారికి మింగించడమేమిటి?

నెట్ వల్ల మేలు లేదా? బోలెడుంది. అరవై ఏళ్ల నాటి సినిమా కావాలన్నా, పిల్లాడికి లెక్కల పాఠం కావాలన్నా, ఘంటసాల పాట కోసం వెతకాలన్నా దానికి సాటి లేదు. కోరి వెతుక్కునేదానికి నెట్ మంచిది. ఊరంతా ఒకేసారి చూసేదానికి ప్రసారం మంచిది. రెంటికీ రెండు పనులున్నాయి. ఒకదాని పని ఇంకోదాని నెత్తిన రుద్దినప్పుడే డబ్బూ, ఓపికా రెండూ పోతున్నాయి.

కాబట్టి తీగ కోసేముందు నాలుగు పనులు చేయండి. ఇంట్లో అందరూ ఏం చూస్తున్నారో, ఏ యాప్‌కు ఎంతో కాగితం మీద రాసి, పన్నుతో సహా కూడండి. టీవీ కొనేటప్పుడు తెర చూసి కొనండి, తెలివి కావాలంటే విడిగా ఒక స్టిక్ తగిలించుకోండి, అది పాతబడితే అదొక్కటే మారుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి మీరు చూసేది గమనించే సదుపాయాన్ని ఆపేయండి. ఆఖరుగా, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి సాయం లేకుండా తమ ఛానల్ పెట్టుకోగలరో లేదో ఒక సాయంత్రం పరీక్షించండి. ఈ నాలుగూ అయ్యాక కూడా లెక్క కోయమనే చెబితే నిరభ్యంతరంగా కోయండి. లెక్క వేయకుండా కోయమని సలహా ఇచ్చేవాడిని మాత్రం ముందు తన మూడు నెలల యాప్‌ల బిల్లులు బల్ల మీద పెట్టమనండి.